అప్‌డేట్: అమ్మానాన్నలతో ఉలూరు వెళ్లొచ్చాం

జూన్‌లో మెల్‌బోర్న్ వస్తున్న అమ్మానాన్నలకు ఉలూరు (ఆస్ట్రేలియా మధ్యలో ఎడారిలో ఉన్న పెద్ద ఎర్రరాతి కొండ) చూపించాలి, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో దిగి కారులో వెళ్లాలా, నేరుగా ఉలూరు పక్కనున్న ఎయిర్‌పోర్టుకే వెళ్లాలా అని అడిగాను కదా. ఎక్కువమంది నేరుగా వెళ్లమన్నారు. నాన్నకు ఆ ఎడారి రోడ్డు చూడాలని ఉందని కారే తీసుకున్నాం.

ఆలిస్ స్ప్రింగ్స్, ఉలూరు మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి కానీ దాదాపు 450 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి దారిలో ఎర్ల్‌డండా అనే చోట ఆగి పెట్రోలు పోయించుకున్నాం. చీకటి పడ్డాక నడపొద్దని మీలో ఒకరు చెప్పిన మాట మాత్రం తప్పకుండా పాటించండి. కంగారూలు, పశువులు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. మేం తీసుకున్న కారుకైతే రాత్రిపూట ఇన్సూరెన్స్ కూడా వర్తించదు.

అమ్మ మోకాళ్ల గురించే నా టెన్షన్ అంతా. 2019 అక్టోబరు నుంచి ఉలూరు ఎక్కనివ్వడం లేదు, అది అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రమైన చోటు. చుట్టూ నడవాలంటే 10 కిలోమీటర్లు. మేం ముటిట్‌జులు నీటిగుంట దాకానే నడిచాం, దారి చదునుగా ఉంది, అమ్మ హాయిగా నడిచింది. అక్కడ కాసేపు ఎవరం మాట్లాడలేదు. సాయంత్రం ఆ 348 మీటర్ల ఎత్తైన రాయి ఎర్రబడుతుంటే అమ్మ చేతులు జోడించింది.

స్వెటర్లు మరవకండి, జూన్ రాత్రుళ్లు గడ్డకట్టే చలి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్ అండి.