కొత్త పీసీ, మెమ్‌టెస్ట్‌లో 3 ఎర్రర్లు: ర్యామ్ పోయినట్టా, ఎక్స్‌పో పడనట్టా?

రెండుచానళ్లు (చర్చ మొదలుపెట్టినవారు)
పోయిన ఆదివారం పీసీ నేనే బిగించుకున్నాను. రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులు రెండు, ఒకే కిట్, డబ్బా మీద వేగం 6000 అని ఉంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటే గుండె జారిపోయింది. అది మెమరీ ట్రైనింగ్ (బోర్డు కొత్త ర్యామ్‌కు తగ్గట్టు సర్దుకోవడం) అని తర్వాత తెలిసింది. బయాస్‌లో (బోర్డు సెట్టింగ్‌ల తెర) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేశాను. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు నుంచి గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోతోంది. పెద్ద జిప్ ఫైల్ విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ పాడైందని) అంటోంది. రెండుసార్లు నీలి తెర వచ్చింది, దాని మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంది. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ మాత్రం ఏ లోపమూ లేదంది. విండోస్ లేకుండానే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి రాత్రంతా వదిలేస్తే రెండో పాస్‌లో (విడతలో) 3 ఎర్రర్లు. స్టిక్కులు రెండింటికి పెట్టాల్సిన ఏ2, బీ2 స్లాట్లలోనే ఉన్నాయి. ర్యామ్ వెనక్కి పంపేయనా?

పెన్సిల్‌రబ్బరు
స్టిక్కులు తీసి పిన్నులు రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టు తమ్ముడూ. నా పాత పీసీ ఇప్పటికీ ఆ వైద్యంతోనే నడుస్తోంది.

నిద్రలేనిరాత్రి
మారు మాట లేకుండా పంపేయండి. మెమరీలో ఎర్రర్లు సున్నా ఉండాలి, అంతే. 3 వచ్చినా పోయినట్టే, 1 వచ్చినా పోయినట్టే. డబ్బా మీద 6000 అని రాసి అమ్మారు, 6000 దగ్గర తప్పులు పడుతున్నాయి. ఇంకేం తేల్చాలి?

ఆ పీసీలో ముఖ్యమైన ఫైళ్లు మాత్రం కాపీ చేయకండి. నాకు తగిలిన దెబ్బ చెబుతాను. కొత్త పీసీ బిగించిన వారానికి పాత డిస్కులోని ఫొటోలన్నీ కొత్త డిస్కులోకి మార్చి, పాతది ఫార్మాట్ చేశాను. నెల తర్వాత తెరిచి చూస్తే చాలా ఫొటోలు సగం నుంచి కిందికి బూడిదరంగు. డిస్కు పోయిందనుకున్నాను. తీరా చూస్తే ర్యామ్.

సర్వీస్‌బల్ల
తొందరపడకండి. మీరు ఎక్స్‌పో ఆన్‌లో పెట్టి టెస్ట్ చేశారు. అంటే స్టిక్కు ఒక్కదాన్నే కాదు, మదర్‌బోర్డునూ, ప్రాసెసర్‌లో ఉండే మెమరీ కంట్రోలర్‌నూ కలిపి టెస్ట్ చేశారు. ఆ మూడింట్లో ఏది తడబడిందో ఈ 3 ఎర్రర్లు చెప్పవు. రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా ఇచ్చిన వేగం రెండు స్టిక్కులతో 5200. నాలుగు పెడితే 3600కి పడిపోతుంది. 6000 అంటే లెక్క ప్రకారం ఓవర్‌క్లాకే, అంటే అధికారిక వేగం దాటించడమే. ఒక్క బటన్‌తో వచ్చేస్తుంది కాబట్టి మనకలా అనిపించదు. ఇంటెల్ వాళ్ల ఎక్స్‌ఎంపీ కూడా ఇదే బాపతు.

ముందు ఎక్స్‌పో ఆఫ్ చేయండి, బహుశా 4800కి దిగుతుంది. బయాస్ అప్‌డేట్ ఆ తర్వాతే. తప్పులు పడే మెమరీతో బయాస్ ఫ్లాష్ చేయడం కొరివితో తల గోక్కోవడమే. తర్వాత ఒక స్టిక్కు పూర్తిగా తీసేసి, మిగిలినదాన్ని ఏ2లో ఉంచి కనీసం నాలుగు పాస్‌లు నడపండి. అదే స్లాట్‌లో రెండోదాన్ని పెట్టి మళ్లీ నడపండి. ఎర్రర్ స్టిక్కు వెంట పోతే తప్పు స్టిక్కుది. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తే బోర్డునో ప్రాసెసర్‌నో అనుమానించాలి. సాకెట్‌లో పిన్ను వంగినా, కూలర్ ఒక పక్క ఎక్కువ బిగిసినా ఒక చానల్ (ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు వెళ్లే దారి) మొరాయించడం నేను చూశాను. రెండు స్టిక్కులూ ఉండగా ఎర్రర్ అడ్రస్ చూసి ఫలానా స్టిక్కుదే అని ఊహించకండి. రెండు చానళ్ల అడ్రస్‌లు జడ అల్లినట్టు కలిసిపోయి ఉంటాయి.

క్లాక్‌స్పీడ్
డీడీఆర్5లో ఈసీసీ (తప్పులు సరిదిద్దే ఏర్పాటు) లోపలే ఉంటుంది కదా, ఇంక ఎర్రర్ ఎలా వస్తుంది? విండోస్ తప్పేమో.

కెర్నల్‌పిచ్చి
ఉన్నది చిప్ లోపలి ఈసీసీ. చిప్ లోపల ఒక బిట్ తారుమారైతే సరిచేస్తుంది. చిప్ నుంచి కంట్రోలర్ దాకా వచ్చే దారిలో ఏం జరిగినా దానికి పట్టదు. ఒకేచోట ఒకటి కంటే ఎక్కువ బిట్లు తప్పినా చేతులెత్తేస్తుంది. సర్వర్లలో ఉండే ఈసీసీ వేరు. అయినా మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు విండోస్ ఎక్కడుంది, తప్పు దాని మీద వేయడానికి?

2022 అక్టోబర్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పీసీలోనే ఒక ర్యామ్ మాడ్యూల్ (స్టిక్కు) పోయింది. రెండున్నరేళ్లు చక్కగా నడిచిన మెషీన్. పాత కెర్నల్‌తో (లైనక్స్ మూల భాగం) బూట్ చేసి చూసి, ఆ తర్వాత మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడిపాకే తప్పు ర్యామ్‌దని తేల్చుకున్నాడు. మామూలు పీసీలకు ఈసీసీ దక్కకుండా చేశారని ఇంటెల్‌ను 2021లో దులిపేసింది కూడా ఆయనే.

క్లాక్‌స్పీడ్
ఆయన పేరు లేకుండా నువ్వు ఒక్క పోస్టూ రాయవా బ్రో?

నిద్రలేనిరాత్రి
సర్వీస్‌బల్ల గారూ, 6000 అని కొన్నదానికి 4800లో పరీక్ష ఎందుకు? 4800లో పాసైతే ఏమంటారు, ‘మీ ర్యామ్ బాగుంది’ అంటారా? నాకు సరిగ్గా అదే జరిగింది. మాడ్యూల్ వెనక్కి పంపాను. మూడు వారాలు తిప్పలు పెట్టి ‘లోపం కనబడలేదు’ అని చీటీ అంటించి అదే మాడ్యూల్ నాకే పంపారు. ఏ వేగంలో చూశారు, ఎంతసేపు చూశారు అని అడిగితే జవాబు లేదు. మీరు చెప్పే పద్ధతి వాళ్లకు బాగా పనికొస్తుంది.

సర్వీస్‌బల్ల
నేను ‘4800లో పాసైతే నోరు మూసుకో’ అనలేదు. 4800లో ఫెయిలైతే వాదన అక్కడితో ముగుస్తుంది, ఎవరూ కాదనలేరు అంటున్నాను. పాసైతే తర్వాత ఒక్కో స్టిక్కును 6000లో చూడాలి, వీలైతే వేరే బోర్డులో పెట్టి చూడాలి. ఇక ‘1 వచ్చినా పోయినట్టే’ అన్నది మరీ అంత సూటి కాదు. మెమ్‌టెస్ట్86లో 13వ టెస్ట్ రోహామర్. ఒక వరసను పదేపదే తట్టి పక్క వరసలో బిట్లు తిరగబడతాయేమో చూస్తుంది. అందులో ఒక ఎర్రర్ వచ్చి, మిగతా టెస్టులన్నీ శుభ్రంగా ఉంటే నేను వెంటనే స్టిక్కు మార్చమనను.

నిద్రలేనిరాత్రి
అదీ సంగతి. ‘ఒక్క ఎర్రర్ పర్వాలేదు.’ అందరూ చదవండి.

సర్వీస్‌బల్ల
ఆ మాట నేను ఎక్కడన్నాను? రోహామర్ టెస్ట్‌లో అన్నాను.

నిద్రలేనిరాత్రి
ఎర్రర్ ఎర్రరే. రాసిన బిట్ తిరిగి రాలేదు. దానికి ఏ టెస్ట్ అని పేరు పెడితే ఏంటి?

కెర్నల్‌పిచ్చి
ఇద్దరూ ఆగండి. ఈయన నడిపింది మెమ్‌టెస్ట్86+, మీరు మాట్లాడుతున్నది మెమ్‌టెస్ట్86. పేర్లు దగ్గరే గాని రెండూ వేరు. ప్లస్ ఉన్నదాంట్లో రోహామర్ టెస్టే లేదు.

నిద్రలేనిరాత్రి
అది కాదు ఇక్కడ విషయం. ఆయన ఒక్క ఎర్రర్ పర్వాలేదన్నారు.

వోల్టేజ్‌రాజా
ఇంత గోల ఎందుకు? ఎస్‌ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి వెళ్లేది) 1.4 పెట్టండి, ఎర్రర్లు మాయం.

సర్వీస్‌బల్ల
దయచేసి ఆ పని చేయకండి. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు కాలిపోయిన తర్వాతే ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజ్‌ను 1.3 దాటనివ్వకుండా బయాస్‌లకు కళ్లెం వేయించింది. ర్యామ్ బాగుచేయబోయి ప్రాసెసర్ పోగొట్టుకుంటారు.

నిద్రలేనిరాత్రి
చూశారా, ప్రాసెసర్ గురించి ఇంత జాగ్రత్త. కొన్నవాడి డేటా గురించి మాత్రం ‘ఒక్క ఎర్రర్’. నువ్వు ఏ వైపో నాకు అర్థమైపోయింది.

సర్వీస్‌బల్ల
‘నువ్వు’ దాకా వచ్చారు, సంతోషం. అవును, తొమ్మిదేళ్లుగా సర్వీస్ బల్ల ముందే కూర్చుంటున్నాను, దాచుకోలేదు, పేరులోనే ఉంది. నా బల్ల మీదికి ‘ర్యామ్ పోయింది’ అని వచ్చేవాటిలో ఏమీ కానివి బోలెడు చూశాను. ఒకాయన స్టిక్కు సగం మాత్రమే దిగింది, ఒక పక్క క్లిప్పు పడలేదు. ఇంకొకాయన రెండు వేర్వేరు కిట్లు కలిపి నాలుగు స్లాట్లూ నింపి, ఎక్స్‌పో ఆన్ చేసి, బూట్ కాలేదని మాడ్యూళ్లన్నీ పంపాడు. ‘లోపం కనబడలేదు’ అని రాయడం నాకేమన్నా సరదానా? అలా రాసిన రోజు ఎదురుగా ఉన్న మనిషి నన్ను దొంగను చూసినట్టు చూస్తాడు. ఆ చూపు నీకు తెలియదు.

నిద్రలేనిరాత్రి
తెలుసు. బల్లకు ఇవతలి వైపు నుంచి చూసినవాణ్ని.

మా అమ్మ ఫొటోలు అవి. ఆమె లేదు. సగం ముఖం ఉంది, సగం బూడిద. బ్యాకప్ పెట్టుకోవాల్సింది అని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు, రోజూ నేనే చెప్పుకుంటాను. ఫొటోలు పోయినందుకు కాదు నా కోపం. తప్పు నాదే అన్నట్టు ఆ చీటీ నా చేతిలో పెట్టారు చూడండి, అందుకు. స్లాట్లు మార్చి, రాత్రుళ్లు కూర్చుని, ఫొటోలు తీసి, నిరూపించే పని మొత్తం నా నెత్తిన పడింది. అమ్మినవాడు మాత్రం ‘కనబడలేదు’ అంటే సరిపోయింది. ఆ చాకిరీ కొన్నవాడు ఎందుకు చేయాలి?

సర్వీస్‌బల్ల
చాలాసేపటి నుంచి ఏం రాయాలో తెలియలేదు. మీ ఫొటోల గురించి నిజంగా బాధగా ఉంది.

చాకిరీ గురించి అడిగారు. చేయకూడదు, ఒప్పుకుంటాను. కానీ బల్ల మీద ఒక్కో మాడ్యూల్‌కు దొరికే సమయం తక్కువ. తెల్లవారుజామున రెండో పాస్‌లో వచ్చే ఎర్రర్‌ను మధ్యాహ్నం పావుగంటలో పట్టుకోలేను. అందుకే ముందే తేల్చుకుని రండి అంటాను. న్యాయమని కాదు, అలా వచ్చినవాళ్ల పని జరుగుతుందని.

నిద్రలేనిరాత్రి
ఈ మాట మొదటి పోస్టులో రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

క్లాక్‌స్పీడ్
నేను పాప్‌కార్న్ పక్కన పెట్టేశాను. అన్నా, ఆ ఫొటోల్లో సగం ఫైళ్లన్నా రికవర్ చేసే దారి ఉందేమో అడిగి చూడు, విడిగా థ్రెడ్ పెట్టు.

రెండుచానళ్లు (చర్చ మొదలుపెట్టినవారు)
మూడు రాత్రులు పట్టింది. ఎక్స్‌పో ఆఫ్, 4800, బయాస్ కొత్తది. మొదటి స్టిక్కు ఏ2లో: నాలుగు పాస్‌లు, ఒక్క ఎర్రర్ లేదు. రెండోది ఏ2లో: మూడో పాస్‌లో ఒకటి, నాలుగో పాస్‌లో ఒకటి, రెండూ ఒకే అడ్రస్, ఒకే బిట్. దాన్నే బీ2కి మార్చాను, మళ్లీ అదే అడ్రస్. మొదటి స్టిక్కును ఒంటరిగా 6000లో కూడా నడిపాను, శుభ్రంగా ఉంది.

నిద్రలేనిరాత్రి
మొదటి రోజే పంపేయమన్నాను.

సర్వీస్‌బల్ల
పంపి ఉంటే ‘6000లో 3 ఎర్రర్లు’ అని రాసేవారు. ఆ మాటకు ‘ఓవర్‌క్లాక్‌లో వచ్చాయి’ అని ఒక్క ముక్కలో తిప్పి పంపేవారు. ఇప్పుడు 4800లో, రెండు స్లాట్లలో, ఒకే అడ్రస్, ఒకే బిట్. తెర ఫొటోలు తీసి పెట్టుకోండి. చిప్ లోపలి ఈసీసీ కూడా సరిచేయలేనంతగా సెల్లులు పోయినప్పుడు ఇలా ఒకేచోట కనబడుతుంది. వోల్టేజో టైమింగో అయితే మామూలుగా అడ్రస్‌లు చెల్లాచెదురుగా వస్తాయి.

నిద్రలేనిరాత్రి
బాగుంది. ఆ మూడు రాత్రులు మాత్రం ఆయనవే, అమ్మినవాళ్లవి కావు.

సర్వీస్‌బల్ల
కావు.

కెర్నల్‌పిచ్చి
ఒకే అడ్రస్ అయితే లైనక్స్‌లో memmap అనే బూట్ ఆప్షన్‌తో ఆ ముక్కను వాడొద్దని చెప్పొచ్చు తెలుసా? విండోస్‌లో కూడా చెడ్డ పేజీల జాబితా ఇచ్చే దారి ఉంది.

క్లాక్‌స్పీడ్
వారంటీ ఉన్న కొత్త స్టిక్కుకు అతుకులెందుకు బ్రో?

రెండుచానళ్లు (చర్చ మొదలుపెట్టినవారు)
చెడ్డ స్టిక్కు ఒక్కటే పంపనా, రెండూ పంపనా? ఒక్కటి ఉంచుకుంటే పీసీ అన్నా నడుస్తుంది.

సర్వీస్‌బల్ల
రెండూ పంపండి. కిట్‌ను జతగా పరీక్షించి అమ్ముతారు. ఒక్కటే మార్చితే వచ్చేదాంట్లో వేరే చిప్పులు ఉండొచ్చు, అప్పుడు ఈ థ్రెడ్ మళ్లీ మొదటి నుంచి.

నిద్రలేనిరాత్రి
ఈ ఒక్కదాంట్లో ఆయనతో ఏకీభవిస్తున్నాను. డబ్బా మూసేముందు స్టిక్కర్ల మీది సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి. పంపిందే తిరిగి వచ్చిందో లేదో నాకు తెలిసింది అలాగే.

పెన్సిల్‌రబ్బరు
ఇంతకీ రబ్బరుతో తుడిచావా లేదా?

రెండుచానళ్లు (చర్చ మొదలుపెట్టినవారు)
తుడిచాను అన్నా. అదే అడ్రస్.