ఆవుకి జ్వరం దిగట్లేదు, భుజం ముందు బిళ్ల కట్టింది. పిడుదుల వల్ల వచ్చే రక్త పరాన్నజీవి జబ్బు థైలేరియానేనా?

మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవు ఈని నెల దాటింది. జ్వరం 106 దాకా వెళ్తోంది, ఇంజెక్షన్ చేస్తే దిగి మళ్లీ ఎక్కుతోంది. మేత ముట్టట్లేదు, నెమరు లేదు, పాలు సగానికి పడిపోయాయి. భుజం ముందు నిమ్మకాయంత బిళ్ల చేతికి తగులుతోంది, కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయింది. చెవుల్లో, పొదుగు పక్కన పిడుదులు ఉన్నాయి. ఎర్రమూత్రం రాలేదు కాబట్టి రక్తంలో పురుగు కాదని ఒకాయన అంటున్నారు, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మూత్రం చూసి కొట్టిపారేయకండి. ఎర్రమూత్రం ఎక్కువగా బబీసియా అనే ఇంకో పిడుదు జబ్బులో వస్తుంది, ఆ పరాన్నజీవి ఎర్రరక్తకణాల్లో పెరిగి వాటిని పగలగొడుతుంది. థైలేరియా దారి వేరు, ముందు తెల్లరక్తకణాల్లో దూరి వాటిని క్యాన్సర్‌లా విపరీతంగా పెరిగేలా చేస్తుంది, శోషరస గ్రంథి ఉబ్బి బిళ్ల కట్టేది అందుకే, ఎర్రకణాల్లోకి వెళ్లేది ఆ తర్వాత. ఇవాళే డాక్టర్ గారిని పిలిపించి చెవి రక్తం, బిళ్లలోంచి సూదితో తీసిన ద్రవం స్లైడ్ మీద పరీక్ష చేయించండి. థైలేరియా అని తేలితే బుపార్వాక్వోన్, కిలో బరువుకి 2.5 మి.గ్రా. లెక్కన మెడ కండకి ఇస్తారు. బబీసియాకి వాడే డైమినజీన్ దీనికి పనిచేయదు, అందుకే ఊహించి పొడిపించొద్దు, ఆలస్యమైన కొద్దీ మందు పట్టడం కష్టమవుతుంది.

జవాబు 2:
అన్నా, దాన్ని ఎండలో నడిపించి ఆసుపత్రికి తీసుకెళ్లకు, రక్తం తగ్గిన పశువు దారిలోనే కూలబడుతుంది. మరీ పాలిపోతే పశువులకీ రక్తం ఎక్కిస్తారు, అడుగు.

జవాబు 3:
ఆవు ఒంటికి మందు కొట్టి ఊరుకుంటే పిడుదులు పోవండి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కింద రాలి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. థైలేరియా గుడ్ల ద్వారా రాదు, పిల్ల పిడుదు రోగమున్న పశువు రక్తం తాగి, కుబుసం విడిచాక ఇంకో పశువుని కుట్టినప్పుడు అంటిస్తుంది. పైగా కోలుకున్న ఆవు ఒంట్లో కూడా ఈ పరాన్నజీవి చాలాకాలం మిగిలి ఉంటుంది. కాబట్టి పగుళ్లు పూడ్చి, కొట్టం మొత్తానికి మందు కొట్టండి, అన్ని పశువులకీ ఒకేసారి.

అడిగినవారు:
డాక్టర్ గారు సాయంత్రం వస్తానన్నారు. దూడకి ఈ పాలు తాగించొచ్చా?

జవాబు 1:
పాల ద్వారా ఈ జబ్బు రాదు, మనుషులకీ సోకదు. మందు వేశాక పాలు ఎన్నాళ్లు వాడకూడదో మాత్రం ఆయన్నే అడగండి. దూడ చెవులు కూడా ఒకసారి తిప్పి చూడండి.