క్యాంప్‌కి పిల్లవాడు రావాలంటే తల్లి కూడా రావాల్సిందేనా?

నీలిగొడుగు:
మావాడు ఏడో తరగతి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కండరాల మీద పట్టు తగ్గడం) ఉంది, రెండు చేతికర్రల సాయంతో నడుస్తాడు. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. మందులు వాడుతున్నాం, చాలాకాలంగా రాలేదు. ఇప్పుడు తరగతి మొత్తాన్నీ మూడు రోజుల అడ్వెంచర్ క్యాంప్‌కి తీసుకెళ్తున్నారు. తాడు కట్టుకుని రాతిగోడ ఎక్కడం, పడవ నడపడం, రాత్రిళ్ళు టెంట్లలో పడక. పిల్లలందరికీ ఒకటే కన్సెంట్ ఫారం ఇచ్చారు. మావాడి ఫారం మీద మాత్రం కింద పెన్నుతో ఒక లైను అదనంగా రాసి పంపారు: "తల్లిదండ్రుల్లో ఒకరు వెంట వస్తేనే."

మిగతా ఏ పిల్లవాడికీ లేని షరతు వీడికెందుకు? పోయిన ఏడాది ఒక్కరోజు ట్రిప్‌కి పంపాను. అందరూ దిగి కొండెక్కుతుంటే వీణ్ణి బస్సులోనే కూర్చోబెట్టారు. డ్రైవర్ తోడున్నాడు కదా అన్నారు. ఇలాంటి షరతు పెట్టే హక్కు స్కూలుకి ఉందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాతబెంచీ:
అమ్మా, నేను టీచర్‌ని. చాలా ఏళ్ళుగా పిల్లల్ని క్యాంప్‌లకి తీసుకెళ్తున్నాను. ఆ షరతు న్యాయమైనదే. కోపం తెచ్చుకోకుండా వినండి. ఒక తరగతి వెంట వెళ్ళేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు టీచర్లు. ఒకరికి జ్వరం వస్తుంది, ఇంకొకరు ఇంటిమీద బెంగతో ఏడుస్తారు, ఇంకో ఇద్దరు కొట్టుకుంటారు. ఆ హడావుడిలో మీ బాబుని బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళేదెవరు? మందు టైముకి ఇచ్చేదెవరు? రాత్రి మేలుకుని ఉండేదెవరు? మీ బాబు సంగతి మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మీరు వెంట వస్తే తప్పేంటి?

గాలిపటం22:
మా స్కూల్లోనూ ఇదే. ఫాలో అవుతున్నా.

కొండదారి:
నేను క్లైంబింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో తరచుగా పనిచేస్తాను. స్కూళ్ళు భయపడేది ఒకచోట, ప్రమాదం ఉండేది ఇంకోచోట.

గోడ ఎక్కడం చూసి అందరూ హడలిపోతారు. పైనుంచి తాడు ఉంటుంది, కింద ఒకరు దాన్ని బిగించి పట్టుకుంటారు. మధ్యలో ఫిట్స్ వచ్చినా పిల్లవాడు తాడుకే వేలాడతాడు, మెల్లగా కిందికి దించేస్తాం. నీళ్ళలో అలా కాదు. ఫిట్స్ వచ్చిన మనిషి కేకేయడు, చేతులు ఊపడు, చప్పుడు లేకుండా మునిగిపోతాడు. అయినా మూర్ఛ ఉన్న పిల్లల్ని గోడ దగ్గర ఆపేసి ఈతకొలనులోకి నిశ్చింతగా దింపేవాళ్ళని చూశాను.

ఇంకొకటి. ఫిట్స్‌ని రేపేవాటిలో నిద్రలేమి, మందు మర్చిపోవడం ముందుంటాయి. క్యాంప్‌లో పిల్లలు తెల్లవారేదాకా కబుర్లు చెప్పుకుంటారు, పొద్దున హడావుడిలో మాత్ర మర్చిపోతారు. అంటే అసలు చూసుకోవాల్సింది టెంట్‌లో.

సెరిబ్రల్ పాల్సీ సంగతికి వస్తే, చలికి కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. నడకకే మిగతా పిల్లల కంటే ఎంతో ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. కాబట్టి ఎక్కడం పొద్దున్నే పెట్టాలి, నడిచి నడిచి అలిసిపోయాక కాదు. నడుం పట్టు తక్కువగా ఉంటే మామూలు నడుము హార్నెస్‌లో (తాడు తగిలించే పట్టీల బెల్టు) తలకిందులయ్యే అవకాశం ఉంది. ఛాతీని కూడా కలిపి పట్టే ఫుల్ బాడీ హార్నెస్ వేయాలి. ఇవేవీ అమ్మ వెంట వస్తే తీరేవి కావు. అవి మా పని.

పాతబెంచీ:
హార్నెస్ గురించి ఎవరూ అడగలేదండీ. రాత్రి మేలుకునేది ఎవరు? దానికి జవాబు చెప్పండి.

వెలుగురేఖ:
2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, 30వ అధికరణం చదవండి. ఆటలు, వినోదం, క్రీడల్లో వికలాంగ పిల్లలకి తోటి పిల్లలతో సమానంగా అవకాశం ఉండాలని అందులో ఉంది. స్కూళ్ళలో జరిగేవి కూడా దాని కిందికే వస్తాయని విడిగా రాశారు. చూపు లేని ఎరిక్ వైహెన్‌మేయర్ 2001లో ఎవరెస్ట్ ఎక్కారు. చూపు లేకుండా ఎవరెస్ట్ ఎక్కగా లేనిది, ఒక పిల్లవాడు చిన్న రాతిగోడ ఎక్కలేడా? మన మనసుల్లోనే ఉంది వైకల్యం.

పాతబెంచీ:
ఎవరెస్ట్ ఎక్కినాయన వెంట అనుభవమున్న పర్వతారోహకుల బృందం ఉంది. ఆయన పెద్దవాడు, ఏళ్ళ తరబడి శిక్షణ తీసుకున్నాడు. నా వెంట ఉండేది ఒక డ్రిల్ మాస్టారు. ఒప్పందాల మీద సంతకం పెట్టినవాళ్ళెవరూ రాత్రి మా టెంట్ దగ్గర కాపలాకి రారు. మళ్ళీ అడుగుతున్నాను, తల్లి వస్తే తప్పేంటి?

రెండుచక్రాలు:
తప్పేంటో నేను చెప్తాను. నేను వీల్‌చైర్‌లో చదువుకున్నాను. వెలుగురేఖ గారూ, ముందు మీకో మాట. ఎవరెస్ట్ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. వైకల్యం నా మనసులో లేదు, మెట్ల దగ్గర ఉంది. మామూలు పిల్లవాడు క్యాంప్‌కి రావాలంటే అల్లరివాడైనా, పిరికివాడైనా, సోమరైనా పర్లేదు. మేం రావాలంటే మాత్రం ముందు వీరులమని నిరూపించుకోవాలా?

ఇక పాతబెంచీ గారికి. నా ట్రిప్‌లన్నిటికీ మా అమ్మ వచ్చింది. రాకపోతే తీసుకెళ్ళేవాళ్ళు కాదు. అమ్మ వల్ల నేను నదిని చూశాను, అడవిని చూశాను. కానీ అమ్మ వచ్చి పక్కన కూర్చోగానే స్నేహితులు మాట మార్చేవాళ్ళు. రాత్రి అందరూ ఒకే టెంట్‌లో పడుకుంటే నేనూ అమ్మా వేరే గదిలో. పొద్దున్నే వాళ్ళు దేనికో పగలబడి నవ్వుకుంటుంటే, అది రాత్రి జరిగిన సంగతని నాకు తెలిసేది. ఏం జరిగిందో మాత్రం తెలిసేది కాదు. ఏడాదంతా తరగతిలో ఆ నవ్వు తిరుగుతూనే ఉంటుంది సార్. క్యాంప్‌లో దక్కేది అదే, కొండ కాదు.

బంతిపువ్వు:
చదువుతుంటే గొంతు పట్టేసింది.

నీలిగొడుగు:
పాతబెంచీ గారూ, మీరు అడిగిందే అడుగుతున్నారు కాబట్టి నేనూ అడుగుతాను. రాత్రి కాపలాకి మనిషి లేకపోతే మనిషిని పెట్టాల్సింది స్కూలా, నేనా? మిగతా ముప్పై మంది తల్లులు జీతం లేని ఆయాలుగా రావడం లేదే! నాకు ఉద్యోగం ఉంది, ఇంట్లో ఇంకో బిడ్డ ఉంది. నాకు సెలవు దొరక్కపోతే వాడు ఆ మూడు రోజులూ ఖాళీ తరగతిలో కూర్చోవాలి. బస్సులో కూర్చోబెట్టినవాళ్ళు కూడా మీలాగే "జాగ్రత్త కోసం" అనే అన్నారు. పని తప్పించుకోవడానికి మీలాంటి టీచర్లకి దొరికిన సాకు అది.

పాతబెంచీ:
సాకు అంటున్నారా? అయితే వినండి, ఇది ఎక్కడా రాయలేదు.

ఒక క్యాంప్‌లో ఒక అబ్బాయికి అర్ధరాత్రి ఫిట్స్ మొదలయ్యాయి. ఫారంలో ఆరోగ్య సమస్యలు "లేవు" అని ఉంది. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. పక్కనున్న పెద్దమనిషి నోట్లో చెంచా పెట్టమంటాడు, ఇంకొకరు చేతులు కాళ్ళు గట్టిగా పట్టుకోమంటారు. ఎవరి మాట వినాలో తెలియక వణికిపోయాను. అంబులెన్స్ వచ్చేదాకా వాడి తల నా ఒళ్ళోనే ఉంది. బాబు బాగానే కోలుకున్నాడు. తర్వాత విచారణ పెట్టారు. ఇంట్లో మూర్ఛకి మందులు వాడుతున్నారని అప్పుడు తెలిసింది. తల్లిదండ్రులు నా మీదే ఫిర్యాదు చేశారు. మేనేజ్‌మెంట్ చేతులు దులుపుకుంది. ఆ గదిలో నా పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. పని తప్పించుకోవడం అంటే ఏమిటో మీరు నాకు చెప్పకండి.

తెల్లకాగితం:
నేనూ ఆ కాలమ్‌లో "లేవు" అని రాసిన తల్లినే. ఎందుకు రాశానో వినండి. అంతకుముందు నిజం రాశాను. డాక్టర్ చీటీ జతచేశాను, ఫోన్ నంబర్ ఇచ్చాను. "ఈసారికి వద్దులెండి" అన్నారు. అమ్మాయి ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. మరుసటి ఏడాది నిజం రాయలేదు, తీసుకెళ్ళారు. నిజం రాసిన బిడ్డని ఇంట్లో ఉంచేస్తూ, నిజం రాయలేదని మమ్మల్ని తిడితే ఎలా?

పాతబెంచీ:
ఆ రాతవల్ల మీ పాపకే ప్రాణం మీదికి వచ్చేది, తెలుసా?

తెల్లకాగితం:
తెలుసు. ఆ మూడు రాత్రులూ కన్ను మూయలేదు.

కొండదారి:
సార్ చెప్పిన సంఘటన చదివేవాళ్ళ కోసం ఒక ముక్క. ఫిట్స్ వస్తే నోట్లో ఏదీ పెట్టకూడదు, కదలకుండా అదిమి పట్టుకోకూడదు. తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, చుట్టూ తగిలే వస్తువులు తీసేసి, టైము చూసుకోవాలి. కుదుపులు ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే అత్యవసరం, అంబులెన్స్ పిలవాలి. కొంతమందికి డాక్టర్ ముందే అత్యవసర మందు రాసిస్తారు, అది ఎలా ఇవ్వాలో టీచర్‌కి నేర్పించవచ్చు. ఇదంతా ఒక పూట శిక్షణ. ఆ పూట ఇవ్వకుండా మీలాంటివాళ్ళని అడవిలోకి పంపారంటే తప్పు మీది కాదు, ఆ పిల్లవాడి తల్లిది మాత్రమే కూడా కాదు.

వెలుగురేఖ:
1972లోనే రాబర్ట్ పెర్స్కీ అనే అమెరికన్ రాశారు, మనిషికి కొంత ప్రమాదాన్ని ఎదుర్కొనే అవకాశం ఉండటం కూడా గౌరవమే అని. అతిజాగ్రత్త పిల్లల్ని ఊపిరాడనివ్వదు.

పాతబెంచీ:
గౌరవం పిల్లవాడికి, ప్రమాదం వాడికి, నోటీసు నాకు. అందులో ఆ సంగతి కూడా రాశారా?

రెండుచక్రాలు:
సార్, ఇప్పుడు మీరు మనసులో మాట చెప్పారు. ఇంతసేపూ "బాబు క్షేమం" అన్నారు. మీకు తల్లి కావాల్సింది కాపలాకి కాదు, ఏదైనా జరిగితే నింద పంచుకోవడానికి. అది తప్పని నేను అనను. భయం నిజమైనదే. కానీ దాని మందు మేనేజ్‌మెంట్ దగ్గర ఉంది, ఆ తల్లి దగ్గర లేదు. శిక్షణ అడగండి, మనిషిని అడగండి, మీ వెనక నిలబడతామని రాసిమ్మనండి. అవి అడగడం కష్టం, తల్లిని రమ్మనడం తేలిక.

నీలిగొడుగు గారూ, మీకూ ఒక ప్రశ్న. మీరు వెంట రావాలో వద్దో బాబుని అడిగారా?

గాలిపటం22:
మంచి ప్రశ్న.

నీలిగొడుగు:
అడిగాను. "నువ్వు రాకమ్మా" అన్నాడు. తల వంచుకుని అన్నాడు, నేను బాధపడతానని.

ఇక్కడ ఒకటి దాచను. స్కూలు ఆ లైను రాయకపోయినా నేను వెళ్దామనే అనుకున్నాను. పక్క ఊళ్ళోనే ఏదో ఒక గది తీసుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుందామని. వాడు పుట్టినప్పటినుంచి ఒక్క రాత్రి కూడా నన్ను వదిలి లేడు. నాకు స్కూలు మీద కోపం షరతు పెట్టినందుకు కాదేమో. "మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా ఉండండి" అని నమ్మకంగా చెప్పగలిగే మనిషి అక్కడ ఒక్కరూ కనబడలేదు. బస్సులో కూర్చోబెట్టినవాళ్ళని ఏ ధైర్యంతో నమ్మను?

కొండదారి:
అయితే నమ్మకం గురించే మాట్లాడుకుందాం. స్కూలుకి వెళ్ళినప్పుడు ఇవి అడగండి. బాబుకి బాధ్యుడిగా ఉండే ఒక్క పెద్దమనిషి పేరు చెప్పాలి, "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరని అర్థం. ఆ మనిషికి మీ డాక్టర్ లేదా నర్సు దగ్గర శిక్షణ ఇప్పించాలి. మందు రెండు సెట్లు, రెండు వేర్వేరు సంచుల్లో. టెంట్‌లో దీపాలార్పే టైము తరగతి మొత్తానికీ ఒకటే పెట్టాలి, వీడొక్కణ్ణే పడుకోమంటే పడుకోడు. క్యాంప్ సైట్ ఫోటోలు ముందే తెప్పించి టాయిలెట్ చూడండి. అందరూ హార్నెస్ గురించి అడుగుతారు, చాలామంది పిల్లల ట్రిప్ పాడయ్యేది టాయిలెట్ దగ్గర. నడక దారి ఎక్కువుంటే జోలెట్ దొరుకుతుందేమో అడగండి. ఒకటే చక్రం ఉన్న కుర్చీ, ముందొకరు లాగుతారు, వెనకొకరు పట్టుకుంటారు. 1987లో ఫ్రాన్స్‌లో జోయెల్ క్లోడెల్ తన మేనల్లుడి కోసం తయారుచేశాడు, రాళ్ళదారిలో కూడా పోతుంది.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు చదువుతుంటే, ఆ ఫోటోలు మీకింకా ముఖ్యం. ఏ రోజు ఏం జరుగుతుందో బొమ్మలతో వరసగా పెట్టి ఇంట్లో కొన్ని రోజుల ముందునుంచే చూపించండి.

బంతిపువ్వు:
సేవ్ చేసుకున్నా.

నీలిగొడుగు:
శుక్రవారం ప్రిన్సిపల్‌ని కలుస్తున్నాను. ఇవన్నీ రాసుకుని వెళ్తాను. పాతబెంచీ గారూ, పని తప్పించుకుంటున్నారని అన్నప్పుడు మీకు జరిగింది నాకు తెలియదు. ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. మీరే ఆ స్కూల్లో ఉంటే, మావాడికి ఆ ఒక్క పెద్దమనిషిగా ఉంటారా?

పాతబెంచీ:
శిక్షణ ఇప్పించి, నాకు ఆ మూడు రోజులూ వేరే పిల్లల బాధ్యత తగ్గించి, మేనేజ్‌మెంట్ కాగితం మీద రాసిస్తే ఉంటాను. మీరు రానక్కర్లేదు. అవి లేకుండా ఉండమంటే ఉండను, ఎవరెన్ని అన్నా. గోడ ఎక్కనివ్వండి. పడవ మాత్రం వద్దు.

కొండదారి:
పడవ ఎందుకు వద్దు సార్? డాక్టర్ ఒప్పుకుంటే ఎక్కించవచ్చు. చూడాల్సింది జాకెట్. చాలాచోట్ల వేసే మామూలు ఫోమ్ జాకెట్ తేలడానికి సాయపడుతుందే గానీ, స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పదు. ముఖం పైకి తిప్పే లైఫ్ జాకెట్ వేరే ఉంటుంది, అది కావాలి. బాధ్యుడైన పెద్దమనిషి అదే పడవలో, చేయి అందేంత దగ్గరగా ఉండాలి.

పాతబెంచీ:
డాక్టర్ కాగితం, ఆ జాకెట్ రెండూ చూశాకే మాట్లాడతాను. నాకు ఈత రాదు.

కొండదారి:
అయితే పడవలో బాధ్యత ఈత వచ్చినవాళ్ళకి ఇవ్వాలి. నీలిగొడుగు గారూ, శుక్రవారం అడిగేవాటిలో ఇది కూడా రాసుకోండి.