నలభై దాటినవాళ్ళకు సైకాలజీ, సోషియాలజీ ఎలా చెప్తున్నారు?

అలిపిరి_మెట్లు:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక దూరవిద్య సెంటర్లో ఆదివారం క్లాసులు ఒప్పుకున్నాను. పొద్దున డిగ్రీ వాళ్ళకు సైకాలజీ, సోషియాలజీ. మధ్యాహ్నం రోగుల సంరక్షణ సర్టిఫికెట్ కోర్సు. ఇన్నాళ్ళూ ఇంటర్ పిల్లలకు చెప్పినదాన్ని. ఇక్కడ ముందు బెంచీలో కూర్చునేది నాకంటే పదేళ్ళు పెద్దావిడ, అంగన్వాడీ టీచరు. వెనక మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన ఒకాయన, ఆస్పత్రిలో ఆయాలుగా చేసే ఇద్దరు, డీఎస్సీలు రాసి రాసి విసిగిపోయిన నలుగురైదుగురు.

మొదటి వారం పావ్‌లోవ్ కుక్క చెప్పాను, అదే గంట వినగానే చొంగ కార్చడం నేర్చుకున్న కుక్క ప్రయోగం. ఇరవై నిమిషాలకు సగం మంది జోగుతున్నారు. వాళ్ళననేం లాభం, శనివారం నైట్ డ్యూటీ చేసి ఇంటికి కూడా పోకుండా వచ్చినవాళ్ళున్నారు. రెండో వారం చావు ఎదురైనప్పుడు మనసు పడే అవస్థ మీద కూబ్లర్ రాస్ చెప్పిన ఐదు దశలు. తిరస్కారం, కోపం, బేరం అని బోర్డు మీద రాస్తున్నాను, ఒకామె పుస్తకం మూసి బయటికి వెళ్ళిపోయింది. బస్సు టైమేమో అనుకుని ఐదు దశలూ పూర్తి చేశాను. భర్త పోయి ఇంకా ఏడాది కాలేదట. క్లాసు అయ్యాక ఆయమ్మ ఒకామె చెప్పింది.

నిద్ర రాకుండా చెప్పడం ఎట్లా అన్నది ఒక ప్రశ్న. పాఠం మనిషికి గుచ్చుకుంటే ఏం చెయ్యాలన్నది రెండోది. నన్ను రాత్రిళ్ళు తినేస్తున్నది రెండోదే.

బిట్లు_సార్:
మేడం, అంత టెన్షన్ వద్దు. నేను టెట్, డీఎస్సీ బ్యాచ్‌లకు పన్నెండేళ్ళుగా సైకాలజీ చెప్తున్నా. మనిషి ఎదుగుదల దశలంటే పియాజే నాలుగు, ఎరిక్‌సన్ ఎనిమిది, కోల్‌బర్గ్ మూడు స్థాయిలు ఆరు దశలు. పాట కట్టి చెప్పేయండి. టెట్‌లో 150కి 30 మార్కులు శిశు వికాసానివే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డప్పుడు నా దగ్గరికి నలభై ఏళ్ళవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళకు కావాల్సింది బిట్లు. కథలు కాదు.

పల్లెవెలుగు:
సార్, నేను ఆర్టీసీ కండక్టర్ని. వయసు 47, వేరే సెంటర్లో డిగ్రీ మూడో సంవత్సరం. టీచరు ఉద్యోగం మీద ఆశతో మీలాంటి కోచింగ్‌కు కూడా పోయినోణ్ణే. మీ పాట ఇప్పటికీ నోటికొస్తుంది, దాని భావం మాత్రం అడక్కండి. నాకు సైకాలజీ ఎప్పుడు ఎక్కిందో చెప్తా.

ఒక ఆదివారం మా మేడం రెండు కార్లు గుద్దుకునే వీడియో ఫోన్లో చూపించి చీటీలు పంచింది. నా చీటీలో 'కార్లు ఒకదానికొకటి తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి?' అని ఉంది. 40 అని రాసినా. నా పక్కన కూరగాయల మండీలో గుమాస్తాగా చేసే ఆయన 70 వేసినాడు. నాకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళు బస్సులో నిలబడి బతికినోణ్ణి, స్పీడు నాకు తెలీదా? తర్వాత చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఆయన చీటీలో 'తగిలినప్పుడు' లేదు. 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' అని ఉంది. క్లాసులో ఆ చీటీ వచ్చినవాళ్ళు చానామంది ఎక్కువే వేసినారు.

అప్పుడు చెప్పింది మేడం, ఇది 1974లో లాఫ్టస్, పామర్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన ప్రయోగమని. 'స్మాష్డ్' అని అడిగితే సగటు గంటకు 40 మైళ్ళ పైన, 'కాంటాక్టెడ్' అని అడిగితే 32 లోపే. రెండో ప్రయోగంలో వారం ఆగి మళ్ళీ పిలిచి, అద్దం పగలడం చూశారా అని అడిగినారట. 'స్మాష్డ్' విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. 'హిట్' విన్న 50 మందిలో ఏడుగురు. వీడియోలో అసలు అద్దమే పగల్లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ళ క్రితం మా బస్సు ఒక ఆటోకు తగిలింది. విచారణలో నన్ను అడిగిన మొదటి మాట 'ఎంత స్పీడులో గుద్దినాడు మీవోడు?' నేనేం చెప్పినానో, ఎందుకు చెప్పినానో ఇప్పుడు ఆలోచిస్తున్నా.

ఇంకోమాట. పరీక్షలో ఈ ప్రశ్నే వచ్చింది. ఉత్సాహంగా మా బస్సు కథ రెండు పేజీలు రాసినా. పదికి మూడు మార్కులు.

పుత్తూరు_అక్క:
మూడే వస్తాయి తమ్ముడూ. పేపరు దిద్దేవాళ్ళకు నీ బస్సుతో పనిలేదు. ప్రయోగం ఎవరిది, ఎప్పటిది, ఎట్లా చేశారు, ఏం తేలింది, దీనికి అర పేజీ. ఆ తర్వాతే నీ బస్సు, అదీ నాలుగు లైన్లు. పెద్దవయసు విద్యార్థులందరిదీ ఇదే జబ్బు. ఇంటర్ పిల్లలేమో పుస్తకం దింపేస్తారు, వీళ్ళు జీవితం దింపేస్తారు.

మెట్లు మేడం గారూ, మీది సోషియాలజీ కూడా అన్నారు కాబట్టి చెప్తున్నా. బంధుత్వం పాఠంతో మొదలుపెట్టండి, ఒక్కరు కూడా జోగరు. నేను బోర్డు మీద 'మామ' అని ఒక్క మాట రాసి, ఎవరెవరిని ఇట్లా పిలుస్తారని అడుగుతా. అమ్మ తమ్ముడు మామ, మేనత్త మొగుడు మామ, మొగుడి తండ్రీ మామే. పోయినేడు బ్యాచ్‌లో ఢిల్లీలో పనిచేసొచ్చిన ఒకాయన లేచి, హిందీలో ఈ ముగ్గురికీ మూడు పేర్లు, మామా, ఫూఫా, ససుర్ అన్నాడు. వెంటనే వెనక బెంచీలోంచి ఒకామె, 'మనకు మేనమామనే కట్టబెడితే ఇంక వేరే పేరెందుకు సార్?' అంది. క్లాసంతా నవ్వు. ఆ నవ్వు ఆగకముందే మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే పేరు చెప్పాలి. 1953లో ఆమె దేశాన్ని బంధుత్వాన్ని బట్టి ప్రాంతాలుగా విడదీసి చూపించింది ఇదే. మేనరికం ఉన్నచోట అత్తగారు పరాయి మనిషి కాదు, మేనత్తే. ఉత్తరాదిలో పిల్ల వెళ్ళేది కొత్త ఊరికి, కొత్త మనుషుల్లోకి. పుస్తకంలో నాలుగు పేజీలున్న పాఠం, మా క్లాసులో రెండు ఆదివారాలు పట్టింది.

కులం దగ్గర మాత్రం జాగ్రత్త. సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 'ప్రాబల్య కులం', అంటే ఊళ్ళో పెత్తనం సాగే కులం గురించి చెప్తూ, తెలివితక్కువగా 'మీ ఊళ్ళో ఏది?' అని అడిగాను ఒకసారి. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఒకే ఊరివాళ్ళు ఇద్దరు ఆరోజు నుంచి వేరే వేరే బెంచీల్లో కూర్చున్నారు. ఇప్పుడు శ్రీనివాస్ గారు పరిశోధన చేసిన రాంపుర దాటి బయటికి రాను. మైసూరు వైపు ఊరు కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు. వాళ్ళ ఊరి సంగతి వాళ్ళే మనసులో పోల్చుకుంటారు.

సమాజంలో మనిషి పోషించే 'పాత్ర' గురించి చెప్పాలంటే గంగమ్మ జాతర చాలు. మాతంగి వేషం కట్టిన మగాడికి అందరూ దండం పెడతారు, తెల్లారి అదే మనిషి ఆటో తోలుకుంటాడు. తిరుపతివాళ్ళకు ఇంతకంటే వివరించక్కర్లేదు.

కాణిపాకం_రోడ్:
చిత్తూరులో నర్సింగ్ విద్యార్థులకు ఈ రెండు సబ్జెక్టులూ చెప్తాను. మొదటి సెమిస్టర్లోనే ఉంటాయి. సాయంత్రాలు ఆశా కార్యకర్తలతో కూడా కూర్చుంటాను.

అక్కా, మేనరికం పాఠంలో మా దగ్గర ఇంకో కోణం ఉంది. బావామరదళ్ళకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి, మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. అందుకే పుట్టే పిల్లలకు కొన్ని జబ్బుల ముప్పు పెరుగుతుంది అని చెప్పాలి. చెప్పాను. ఒక ఆశా అక్క తల దించుకుంది. ఆమెది మేనరికమే, కొడుకుకు పుట్టు చెవుడు. 'అంటే తప్పు నాదేనా సార్?' అని అందరి ముందే అడిగింది. ముప్పు పెరుగుతుంది అన్నదానికీ, నీవల్లే అయింది అన్నదానికీ మధ్య ఎంత దూరముందో చెప్పడానికే ఆ గంటంతా సరిపోయింది. మేనరికం చేసుకున్న ఎక్కువమందికి ఆరోగ్యంగానే పుడతారు, బయటి సంబంధం చేసుకున్నవాళ్ళకూ చెవుడు పుట్టొచ్చు. ఇప్పుడు ఈ వాక్యంతోనే పాఠం మొదలుపెడతా.

మెట్లు మేడం, మీ రెండో ప్రశ్నకు. ఆ ఐదు దశలు కూబ్లర్ రాస్ 1969లో రాసింది చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. భర్తను పోగొట్టుకున్నామెకు కొలబద్దగా వాడటానికి కాదు. అందరూ ఆ వరసలోనే నడుస్తారనీ లేదు. నాకు తెలిసి చాలామంది ఈ ముక్క వదిలేస్తారు, బోర్డు మీద ఐదు గీతలు గీసేస్తారు. మీరు ఇది చెప్పి ఉంటే ఆమె కూర్చునేదని కాదు, కానీ పాఠమైనా సరిగ్గా ఉండేది.

సోషియాలజిస్టు దర్ఖైమ్ 1897 పుస్తకం పాఠం, అంటే ఆత్మహత్య, నేను వారం ముందే చెప్పేస్తాను: 'వచ్చే వారం ఇది ఉంది, రాకపోతే హాజరు పోదు, నోట్స్ ఇస్తాను.' తలుపు తీసి ఉంచుతా. ఎవరినీ 'మీ ఇంట్లో ఎవరైనా' అని అడగను. మానసిక సాయానికి ఫోన్ చేసే టెలి మానస్ నంబరు 14416 బోర్డు మూల రాసి, చెరపకుండా వదిలేస్తా. పాత మెటీరియల్లో ఆత్మహత్యాయత్నం నేరం, ఐపీసీ 309 సెక్షన్ అని ఇంకా ఉంటుంది, అది కొట్టేయించండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలంది. ఐపీసీ బదులు 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు.

నిద్ర సంగతికి ఒకటే ఉపాయం. క్లాసు మొదటి పది నిమిషాలు పుస్తకాలు మూయించి, పోయిన వారం ఏం చెప్పుకున్నామో కాగితం మీద రాయిస్తా. 'వయసైపోయింది సార్, గుర్తుండదు' అన్నవాళ్ళకు మరపు మీద పరిశోధన చేసిన ఎబ్బింగ్‌హాస్ కథ చెప్తా. తన మీదే ప్రయోగం చేసుకున్నాడు, అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టి, 1885లో పుస్తకం వేశాడు. గంటకే సగానికి పైగా పోయింది. అప్పటికి ఆయన వయసు నలభై కూడా లేదు.

బిట్లు_సార్:
ఒప్పుకుంటున్నా, నాది బిట్ల పిచ్చే. కానీ ఒకటి చెప్పాలి. పోయిన నెల నా క్లాసులో ఒక అంగన్వాడీ ఆమె పియాజే పాఠం విని, సెంటర్లో రెండు ఒకేలాంటి గ్లాసుల్లో మజ్జిగ పోసి, ఒకదాన్ని పొడుగ్గా సన్నగా ఉన్న గ్లాసులోకి మార్చి, పిల్లల్ని అడిగి, వీడియో తీసుకొచ్చింది. నాలుగేళ్ళ పాప పొడుగు గ్లాసే కావాలంది. సరే, పుస్తకం ప్రకారమే. ఐదేళ్ళ పిల్లాడొకడు, 'రెండూ ఒకటే, నువ్వే కదా పోసినావ్' అన్నాడు. గ్లాసు మారినా మజ్జిగ అంతేనని తెలియడానికి పుస్తకం ఏడేళ్ళు అంటుంది. ఆమె నన్ను అడిగింది, 'సార్, వీడికి ఏ ఆప్షన్ పెట్టాలి?' నా దగ్గర జవాబు లేదు.

పుత్తూరు_అక్క:
వాడికి ఇంకో గ్లాసు మజ్జిగ పెట్టమను.

తెల్లకోటు_లేదు:
ఇంటికెళ్ళి మంచంలో ఉన్నవాళ్ళను చూసుకునే అటెండర్లకు ట్రైనింగ్ ఇస్తాను. మధ్యాహ్నం బ్యాచ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. భోంచేసి వచ్చిన మనుషులకు ఉపన్యాసం పనిచెయ్యదు. పెరుగన్నం తెప్పించండి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరికి కళ్ళకు గుడ్డ కట్టి, రెండోవాళ్ళను స్పూనుతో తినిపించమనండి. మాట్లాడకూడదని షరతు. మూడో ముద్దకే గొడవ మొదలవుతుంది. స్పూను పంటికి కొట్టిందనీ, నోట్లో ఉండగానే ఇంకోటి పెట్టావనీ. పదేళ్ళుగా ముసలివాళ్ళకు తినిపిస్తున్న ఒక ఆయమ్మ గుడ్డ విప్పుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'నేను వాళ్ళకు ఎప్పుడూ చెప్పనే లేదు, ఇప్పుడు పెడుతున్నా అని' అంది.

ఆ తర్వాత చెప్పండి, నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి, మింగాకే ఇంకో ముద్ద, పొలమారితే ఆపెయ్యాలి, తిన్నాక వెంటనే పడుకోబెట్టకూడదు. ఒక్కరూ మర్చిపోరు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టడం కూడా ఇట్లాగే నేర్పిస్తా. ఇరవై నిమిషాలు కదలకుండా బల్ల మీద పడుకోమంటా, నడుము వాళ్ళకే చెప్తుంది.

పిలుపు కూడా ముఖ్యమే. 'ఐదో నంబరు బెడ్డు', 'ఆ ముసలాయన' అనొద్దని చెప్తే వినరు. మీ నాయన్ను ఆస్పత్రిలో ఎవరైనా అట్లా అన్నారా అని అడిగితే చాలు, ఒక్కొక్కరు ఒక్కో కథ.

అలిపిరి_మెట్లు:
అందరికీ థాంక్స్. మూడు వారాలు చూసి రాస్తున్నా. పెరుగన్నం బ్రహ్మాండంగా పనిచేసింది, ఒక చీర పాడైంది అంతే. కార్ల చీటీలు డిగ్రీ వాళ్ళకు పంచాను. మిలిటరీ ఆయన రెండు చీటీలూ చదివి, ఇది మోసం అని పది నిమిషాలు వాదించాడు. ఆయన జోగడం మానేశాడు. మామ పాఠం ఇంకా అవ్వలేదు, అక్కా. మీరన్నట్టే సాగుతోంది.

బయటికి వెళ్ళిపోయినామె ఇంటికి ఫోన్ చేశాను. క్షమించమని అడిగితే, 'మీరేం చేశారు మేడం' అంది. ఐదు దశలు అందరికీ వర్తించవని చెప్పబోయాను. విని, 'మాకు మాత్రం దశలు లేవా, పదకొండో రోజు, నెల నెలా మాసికం, వచ్చే నెల సంవత్సరీకం' అంది. అది అయ్యాక వస్తుందట. అప్పటిదాకా జరిగిన పాఠాలు జిరాక్స్ తీసి పెట్టమంది, రెండు వైపులా తీయిస్తే డబ్బులు తక్కువవుతాయని కూడా చెప్పింది.