టెన్నిసన్ ‘ఇన్ మెమోరియం’: విశ్వాస కావ్యమా, సందేహ కావ్యమా?

పాతపుస్తకం:
ఈ కావ్యం ప్రస్తావన వస్తే చాలు, ‘సందేహంతో మొదలై విశ్వాసంతో ముగుస్తుంది’ అని ఒక ముక్క చెప్పి చేతులు దులుపుకుంటారు. నాకది ఎప్పుడూ మింగుడుపడలేదు. ఆంగ్లకవి టెన్నిసన్ ప్రాణస్నేహితుడు ఆర్థర్ హాలమ్ 1833లో, 22 ఏళ్ల వయసులో, వియన్నాలో హఠాత్తుగా చనిపోయాడు. ఆ దుఃఖంలో మొదలైన పద్యాలు ఏళ్ల తరబడి పోగుపడి 1850లో కవి పేరు లేకుండా అచ్చయ్యాయి. 131 ఖండికలు, ముందు ఒక ప్రార్థన, చివర ఒక పెళ్లి పాట. నా అభిప్రాయం ఏమిటంటే, ఇందులో సందేహం అనుభవించి రాసినది, విశ్వాసం తెచ్చి అతికించినది. ఆ ప్రార్థననే చూడండి. పుస్తకంలో అందరికంటే ముందు నిలబడుతుంది, దాని కింద వేసిన ఏడాది మాత్రం 1849. లోపల ఏముందో పాఠకుడు చూడకముందే గుమ్మంలో తోరణం కట్టినట్టుంది. కవీ విమర్శకుడూ అయిన టి.ఎస్. ఎలియట్ 1936లో ఊరికే అనలేదు, ఇందులో విశ్వాసం పేలవమనీ, సందేహం మాత్రం చాలా తీవ్రమైన అనుభవమనీ.

మేఘమాల:
ఎలియట్ మాటలో సగమే చెప్పారు. ఆ సందేహపు నాణ్యత వల్లే అది మతపరమైన కావ్యమని కూడా ఆయన అన్నాడు. అది మీ వాదనకు అంత అనుకూలమేమీ కాదు.

‘అతికించడం’ అన్నారు కాబట్టి 7, 119 ఖండికలు పక్కపక్కన పెట్టి చదవండి. రెండింటిలోనూ లండన్‌లో హాలమ్ ఇంటి తలుపే. ఏడో ఖండికలో కవికి నిద్ర పట్టదు. తెల్లవారకముందే దొంగలా ఆ గుమ్మం దగ్గరికి వస్తాడు. ఒకప్పుడు చేయందుకోవాలని గుండె దడదడలాడిన చోటు, ఇప్పుడు అందుకోవడానికి ఆ చేయి లేదు. సన్నటి వానలో బోసిపోయిన వీధి మీద వెలవెలబోతూ తెల్లవారుతుంది. 119లో మళ్లీ అదే తలుపు, ఊరింకా నిద్రలోనే ఉంది. కానీ ఈసారి వీధిలో పచ్చిక వాసన తగులుతుంది, పిట్టల కిలకిల వినిపిస్తుంది. దాదాపు నిట్టూర్పు లేకుండానే తలపుల్లో ఆ స్నేహితుడి చేయి పట్టుకోగలుగుతాడు. ఈ మార్పు ఏ వేదాంత చర్చతోనూ వచ్చింది కాదు. దీన్ని అతుకు అంటారా?

పాతపుస్తకం:
అతుకు అనను, కానీ విశ్వాసం అని కూడా అనను. దుఃఖం నెమ్మదించడం వేరు, దేవుడి మీద నమ్మకం కుదరడం వేరు. పైగా ఏడో ఖండికలో ‘అతడు ఇక్కడ లేడు’ అనే మాట ఎక్కడిదో గమనించారా? లూకా సువార్తలో ఖాళీ సమాధి దగ్గర స్త్రీలు వినే మాట అది. అక్కడ వెంటనే ‘లేచియున్నాడు’ అని వస్తుంది. ఇక్కడ ఆ మాట రాదు. దూరంగా ఊరి రొద మొదలవుతుంది, అంతే. బైబిలు బాగా తెలిసినవాడు సగం వాక్యం దగ్గర ఆగిపోయాడంటే ఊరికే ఆగడు.

అక్షరకుక్షి:
సువార్త సంగతి బాగుంది. నేను మరో పక్క నుంచి వస్తాను. 56వ ఖండికలో ప్రకృతి పళ్లూ గోళ్లూ నెత్తురు చేసుకుని అరవడం డార్విన్ ప్రభావమని ఇప్పటికీ రాసేవారున్నారు. డార్విన్ ‘జాతుల పుట్టుక’ వచ్చింది 1859లో, అంటే ఈ కావ్యం వచ్చిన తొమ్మిదేళ్లకు. టెన్నిసన్‌ను కలవరపెట్టింది చార్లెస్ లయల్ భూగర్భశాస్త్రం. కొండచరియల్లో, తవ్విన రాళ్లలో అంతరించిన జీవజాతుల ఆనవాళ్లు కనిపిస్తున్నాయి. ప్రకృతి ఒక్కో ప్రాణిని పట్టించుకోకపోయినా జాతినైనా కాపాడుతుందని 55లో చిన్న ఆశ మిగిలింది. వేల జాతులు పోయాయి, నాకేమీ పట్టదు అని 56లో ప్రకృతే ఆ ఆశను కొట్టిపారేస్తుంది. మనిషి కూడా ఎడారి ధూళిగా ఎగిరిపోతాడా, ఇనుప కొండల్లో శిలాజమై మిగులుతాడా అన్న ప్రశ్న అక్కడి నుంచి వచ్చిందే.

ఆ తర్వాత 118లో ఏం చేశాడు? అదే భూగర్భ చరిత్రను నిచ్చెనగా మార్చి, లోపలి కోతినీ పులినీ చంపుకుని పైకెక్కమంటాడు. నాకు బొత్తిగా రుచించని ఖండిక అది. అక్కడ కవి తగ్గి ఉపన్యాసకుడు పెరిగాడు. పాతపుస్తకం గారి ‘అతుకు’ అనే మాట 118కి సరిపోతుంది, 119కి సరిపోదు. రెండూ పక్కపక్కనే ఉండటం వింత.

మేఘమాల:
118 విషయంలో నేనూ అడ్డుపడను. కానీ పాతపుస్తకం గారు విశ్వాసమంటే చెక్కుచెదరని నిశ్చయం అనుకుంటున్నట్టుంది. 55లోనే కవి కుంటి చేతులతో చీకట్లో తడుముకుంటూ దేవుడి వైపు మెట్లు వెతుకుతాడు. 96లో, సగం మత సిద్ధాంతాల కంటే నిజాయితీ గల సందేహంలోనే ఎక్కువ విశ్వాసం ఉందని తేల్చి చెబుతాడు. 124లో హేతువు నిలదీస్తే హృదయం కోపంగా లేచి ‘నాకు అనుభవమైంది’ అంటుంది, ఆ వెంటనే కాదు కాదు, ఏడ్చే పసివాడిలా అన్నానని సర్దుకుంటుంది. అతికించేవాడు ఆ సర్దుబాటు ఎందుకు రాస్తాడు? భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి బైబిలు తర్వాత తనకు ఓదార్పు ఇచ్చింది ఈ పుస్తకమేనని టెన్నిసన్‌తోనే చెప్పింది. ఉత్త సందేహం ఆమెను ఓదార్చి ఉండేదా?

పాతపుస్తకం:
రాణి ఓదార్పు పొందింది, కాదనను. ఆమెకు కావలసింది అందులో దొరికింది, నాకు కావలసింది నాకు దొరికినట్టే. కవి ఏమన్నాడో మాత్రం ఆయన మిత్రుడు జేమ్స్ నోల్స్ రాసిపెట్టాడు: ఈ పుస్తకంలో మరీ ఎక్కువ ఆశ ఉంది, నాకున్న దానికంటే ఎక్కువ అని. 124 మీద మీరన్నది ఒప్పుకుంటాను, అది అతుకు కాదు. ముందు పెట్టిన ప్రార్థన విషయంలో మాత్రం అంగుళం కూడా కదలను. 131 ఖండికలు దాటకుండా దాన్ని ఎవరూ చదవకూడదు.