రోమ్‌లో వారాంతం: వాటికన్ ఏ రోజు పెట్టుకోవాలి, శాకాహారికి ఏం దొరుకుతుంది?

ప్రశ్న:
మార్చిలో నేనూ మా ఆవిడా రోమ్ వెళ్తున్నాం. శుక్రవారం పొద్దున దిగుతాం, సోమవారం ఉదయం తిరుగు ఫ్లైటు. శనివారం కొలోసియం, ఆదివారం వాటికన్ మ్యూజియం అనుకున్నాం. బస టెర్మినీ స్టేషన్ దగ్గర. తను శాకాహారి, గుడ్డు కూడా తినదు. నాకు ఏదైనా సరే. ఈ వరస సరిపోతుందా? పాస్తాలో గుడ్డు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
ముందు ఆ రెండు రోజులూ అటూ ఇటూ మార్చుకోండి. వాటికన్ మ్యూజియం ఆదివారం ఉండదు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, కానీ 12.30 దాటితే లోపలికి రానివ్వరు, జనం విపరీతం. శనివారం మొదటి స్లాట్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. మెట్రో ఎ లైన్‌లో ఒట్టవియానో దిగి నడవాలి. అందరూ పైకప్పు చిత్రాలకు పేరున్న సిస్టైన్ చాపెల్ కోసం పరుగు తీస్తూ, చిత్రకారుడు రఫాయెల్ గోడలకు బొమ్మలు వేసిన గదులను దాటేస్తారు. దయచేసి అక్కడ కాసేపు ఆగండి.

వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాకు టికెట్ లేదు, తనిఖీ లైను మాత్రం ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. గుమ్మటం పైదాకా 551 మెట్లు. లిఫ్టు ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి. పైకి పోయేకొద్దీ గుమ్మటం వంపుతోపాటు గోడ లోపలికి వాలుతుంది, ఒళ్లు పక్కకు వంచి ఎక్కాలి, మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. మోకాళ్ల నొప్పులుంటే మానేయండి.

ఆదివారం కొలోసియం. అది నెలలో మొదటి ఆదివారమైతే ఉచిత ప్రవేశం, ముందస్తు బుకింగ్ ఉండదు, క్యూ చాంతాడంత. అప్పుడు శుక్రవారం మధ్యాహ్నానికి జరపండి. మామూలు టికెట్ 18 యూరోలు, పక్కనే ఉన్న ప్రాచీన రోమన్ శిథిలాలు ఫోరం, పాలటైన్ కొండ కూడా అందులోనే. టికెట్ మీద పేరు పాస్‌పోర్టుతో సరిపోవాలి. మనవాళ్లు ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెడుతుంటారు, ఇక్కడ అలా చేయకండి. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే పూర్తిగా రాయండి.

మిగిలిన పూట పాంథియాన్ అనే పాత రోమన్ గుడి (5 యూరోలు), నవోనా కూడలి, ట్రెవి ఫౌంటెన్ అన్నీ నడకే. పాంథియాన్ పక్కనే శాన్ లూయీజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చిలో చిత్రకారుడు కరవాజ్జో గీసిన మూడు సెయింట్ మత్తయి చిత్రాలు ఉచితంగా చూడొచ్చు. మధ్యాహ్నం కొంతసేపు మూసేస్తారు.

జవాబు 2:
భోజనం సంగతి నేను చెప్తాను. రోమ్‌లో పేరున్న పాస్తాల్లో కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా మూడింటిలోనూ గ్వాంచాలే ఉంటుంది, అంటే పంది దవడ మాంసం. కాచో ఎ పెపెలో మాంసం ఉండదు, పెకొరీనో చీజ్, మిరియాలే. కానీ దాన్ని తరచుగా తొన్నరెల్లి అనే పాస్తాతో చేస్తారు, అందులో గుడ్డు ఉంటుంది. ఎండు స్పగెట్టీతోనో రిగటోనితోనో (ఎండు పాస్తాలో మామూలుగా గుడ్డు ఉండదు) చేస్తారా అని అడగండి. "సెంజా ఊవో" అంటే గుడ్డు లేకుండా, "సెంజా కార్నె" అంటే మాంసం లేకుండా. ఇంకో మెలిక, పెకొరీనో రొమానోను గొర్రెపిల్ల కడుపులోంచి తీసే, పాలను గడ్డకట్టించే రెన్నెట్‌తో తోడుపెడతారు. అది కూడా పనికిరాదంటే ఎండు పాస్తాతో అరాబియాతా తీసుకుని "సెంజా ఫొర్మాజ్జో", అంటే చీజ్ లేకుండా, అనండి. టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. మన నోటికి నచ్చేది అదే.

మార్చి ఆర్టిచోక్‌ల కాలం, అంటే కూరగాయలా వండుకునే ఒక పూమొగ్గ. పాత యూదుల పేటలో కార్చోఫీ అల్లా జుదీయా దొరుకుతుంది. మొగ్గను మొత్తంగా రెండుసార్లు నూనెలో వేయిస్తారు, రేకులు విచ్చుకుని అంచులు అప్పడంలా కరకరలాడతాయి. ఇది ఒక్కటీ మిస్ కావద్దు. పుంతరెల్లె అనే ఆకుకూర సలాడ్‌లో మాత్రం ఆంచోవీ చేప కలుపుతారు, సుప్లీ అనే వేయించిన అన్నం ఉండలో మాంసం కూర ఉండొచ్చు.

రాత్రి భోజనం 7.30కి ముందు చాలాచోట్ల మొదలవదు. మధ్యలో ఆకలేస్తే పిజ్జా అల్ తాల్యో, అంటే ముక్కలుగా అమ్మే పిజ్జా. కత్తెరతో కోసి తూకం వేస్తారు, "ఉన్ ఎత్తో" అంటే 100 గ్రాములు. తిరమీసు అనే తీపిలో గుడ్డు ఉంటుంది. జెలాటో, అంటే ఇటలీ ఐస్‌క్రీమ్‌లో క్రీమ్ రకాలకు గుడ్డు సొన కలుపుతుంటారు, పండ్లతో చేసే సోర్బెత్తో అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ, రోజులు మార్చేశాం. మెట్రోలో టికెట్ బదులు ఒకే బ్యాంకు కార్డు ఇద్దరికీ ట్యాప్ చేయొచ్చా?

జవాబు 1:
కుదరదండీ, మనిషికో కార్డు కావాలి. అదే కార్డు ఫోన్‌లో ఉన్నా ఫోన్, కార్డు వేర్వేరుగా లెక్క, రోజంతా ఒక్కదానితోనే ట్యాప్ చేయండి. ఒక ప్రయాణం 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది. ఆ సమయంలో బస్సులు ఎన్నైనా మారొచ్చు. మెట్రో నుంచి బయటికొచ్చి మళ్లీ మెట్రో ఎక్కితే మాత్రం ఇంకో టికెట్ పడుతుంది. టెర్మినీ నుంచి వాటికన్ వైపు పోయే 64 నంబరు బస్సులో జేబుదొంగలు ఎక్కువ, బ్యాగు ముందుకు వేసుకోండి.