జర్మన్ ఫైటర్ పైలట్ పతక పత్రాలను సరిచూడడం ఎలా?

కర్నూలు సేకర్త: మా పెదనాన్నగారి నాణేల పెట్టెలో రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫైటర్ పైలట్ పత్రాలు రెండు దొరికాయి. ఒకటి ఐరన్ క్రాస్ అనే శౌర్య పతకం రెండో తరగతిది. రెండోది యుద్ధ విమాన యాత్రలకు ఇచ్చే, ఛాతీకి తగిలించుకునే వెండి క్లాస్ప్‌ది. తేదీ 1940 ఆగస్టు. ఆయన ప్రాణప్రదంగా దాచుకున్నవి. అసలువో కావో తేల్చుకోవాలి.

కడప మాస్టారు: రెండోదాన్ని నమ్మకండి సార్. ఆ క్లాస్ప్‌ను నెలకొల్పిందే 1941 జనవరి 30న. అంకె సరిగా చదివారా? భూతద్దంతో మళ్ళీ చూడండి.

అనంతపురం పాఠకురాలు: ఫైటర్ పైలట్లకు 20 యాత్రలకు కంచు, 60కి వెండి, 110కి బంగారు క్లాస్ప్. ఆ పైలట్ విమాన దినచర్య పుస్తకం దొరికితే 60వ యాత్ర తేదీని పత్రంతో పోల్చవచ్చు. నా దృష్టిలో ముద్రలూ సంతకాలూ చూడడం కంటే ఇదే గట్టి పరీక్ష.

కర్నూలు సేకర్త: చూశానమ్మా, 1940 అనే ఉంది. మనసు చివుక్కుమంది. ఐరన్ క్రాస్ పత్రం సంగతి?

కడప మాస్టారు: పైలట్ పేరు, పుట్టిన తేదీ, ఊరు రాసి జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్‌ను అడగండి. సైనిక విభాగం ఫ్రైబుర్గ్‌లో ఉంది. వైమానిక దళ దస్త్రాలు చాలావరకు యుద్ధం చివర్లో నాశనమయ్యాయి. అక్కడ ఫైలు లేదన్నంత మాత్రాన దీన్ని నకిలీ అనుకోవద్దు.